మా వియ్యపురాలి కోళ్ళు, మా పెరటి రెట్టలు

జూన్ 22, ఆదివారం. తెల్లవారుజాము నుంచి ముసురు. పెరటి మెట్ల మీద, బండ మీద, నీళ్ళ తొట్టి అంచున రెట్టలు ఎత్తాను. తడిసిన రెట్ట ఎండిన రెట్టకు రెండింతల పని. గీకితే పాకుతుంది, కడిగితే మడుల్లోకి పారుతుంది.

మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి, పోయి పదహారు రోజులైంది. ఆ కబురు వచ్చిన పొద్దున కూడా నేను ఈ పని మీదే ఉన్నాను. మావాడు ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. "నాయనా, అత్తమ్మ పోయింది" అన్నాడు. నేను "ఆఁ" అన్నాను. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో రెట్టలెత్తే రేకు. రోజూ పోసే గుంట రెండడుగుల దూరంలోనే ఉంది. అయినా ఆ రేకు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఇంటామె వచ్చి రేకు తీసుకునేదాకా కదల్లేదు.

నిన్న మా కోడలు నా దగ్గరికి వచ్చి, "మామయ్యా, మీరు రోజూ పుస్తకంలో రాస్తారు కదా. అమ్మ గురించి ఏం రాశారో చూపిస్తారా?" అని అడిగింది.

నాకు చదువు చెప్పిన బడి లేదు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు దిద్దుకున్నాను, తర్వాత ఆ బోర్డులే రాయడం వృత్తి అయింది. చేతిరాత కుదరాలని రోజూ రాత్రి ఒక పుస్తకంలో తేదీ, వాతావరణం, ఆ రోజు చేసిన పని రాసేవాణ్ణి. చేతిరాత ఎప్పుడో కుదిరింది, అలవాటు మాత్రం పోలేదు. కోడలు అడిగిందని మూడేళ్ళ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. "మంగళవారం. ఎండ. రెట్టలు ఎత్తాను." "శుక్రవారం. గాలి దుమారం. రెట్టలు ఎత్తాను, రెండుసార్లు." "సోమవారం. మబ్బు. స్కూటరు సీటు మీద కూడా." మూడేళ్ళు మా ఇంట్లో ఉన్న మనిషి గురించి నేను రాసింది ఇంతే. తల్లి పోయిన పిల్లకు ఈ పుస్తకం ఎలా చూపించను? అందుకని ఇవాళ్టి పేజీలో రాస్తున్నాను. ఆ పిల్ల చదువుతుంది, ఇంకెవరైనా చదవవచ్చు.

మా వియ్యపురాలు గోదావరి వైపు మనిషి. మేం ఇక్కడివాళ్ళం. ఫిల్మ్‌నగర్‌లో రోడ్డు కొండ మీదికి మలుపు తిరిగేచోట, రెండు స్టూడియోల మధ్య ఇరుక్కున్న పాత ఇల్లు మాది. వెనక ఒక పెద్ద బండ, బండ పక్కన నాలుగు కూరమడులు. మావాడూ ఆ పిల్లా ఒకే ఎడిటింగ్ గదిలో పనిచేసి, ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ఆమె మోకాళ్ళ ఆపరేషనుకని వచ్చింది. రెండు నెలలు ఉంటానంది. కారు డిక్కీ తెరిస్తే ముందు దిగింది ఆమె పెట్టె కాదు, కోళ్ళ గంప. అయిదు పెట్టలు, ఒక పుంజు.

"ఇవెందుకమ్మా?" అని కోడలు సిగ్గుపడింది.

"నా వెంట ఉంటే నాకు నిబ్బరంగా ఉంటుందే" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి, కొంగు సర్దుకుని, "అన్నయ్యగారూ, మీకేం ఇబ్బంది లేదు కదా?" అంది.

వియ్యపురాలు మొదటిసారి ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరైనా ఏమంటారు? "ఇబ్బందేముంది చెల్లెమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటకు మూడేళ్ళు రెట్టలు ఎత్తాను.

కోడి రెట్ట ఎక్కడ వేయాలో అక్కడ వేయదు. గంప కింద రాత్రి వేసింది ఒక చోట ఉంటుంది, ఎత్తేయవచ్చు. పగలు వేసేది ఇల్లంతా. తులసి కోట గట్టు మీద, చెప్పుల్లో, ఆరేసిన దుప్పటి మీద, తాగే నీళ్ళ కుండ మూత మీద. తోటకూర మడిలో మొలకలన్నీ గీకి పారేసి, ఆ గుంటలో పొర్లి, లేచి, దులుపుకుని, అక్కడే రెట్ట వేసి పోతాయి. మా ఇంటామె ఆకుకూర నాలుగుసార్లు కడిగేది.

"ఏందయ్యా గిది, ఉతికిన బట్టల మీద గిట్లేస్తే ఎట్ల? జర చెప్పరాదు ఆమెకు?" అనేది నాతో, వంటింట్లో, గొంతు తగ్గించి.

"నువ్వే చెప్పు."

"నేనెట్ల చెప్తా? వియ్యపురాలిని ఒక మాటంటే పిల్ల ముఖం చిన్నబోతది. నువ్వు ఇంటి పెద్దవు."

ఇంటి పెద్దకు మాట రాదు. అసలే తక్కువ మాట్లాడేవాణ్ణి, అందులోనూ కోడలి తల్లితో. మా కులాసా మాటలన్నీ "భోంచేశారా అన్నయ్యగారూ", "అయింది చెల్లెమ్మా" దగ్గరే ఆగిపోయేవి. ఇంత మర్యాద మధ్యలో రెట్ట సంగతి ఎక్కడ దూర్చను?

నాకు తెలిసిన విద్య ఒకటే. ఒక చెక్క పలకకు తెల్లరంగు వేసి, ఎర్ర అక్షరాలతో, గుండ్రంగా, "దయచేసి కోళ్ళను కూరమడుల వైపు రానివ్వకండి" అని రాసి, తోటకూర మడి పక్కన పాతాను. పేర్లు లేవు, నింద లేదు. ఎవరికి తగలాలో వాళ్ళకు తగులుతుంది అనుకున్నాను.

సాయంత్రం ఆమె కర్ర ఊతంతో పెరట్లోకి వచ్చింది. బోర్డు ముందు నిలబడి నిదానంగా చదివింది. చదువుతుండగానే ఒక పెట్ట ఎగిరి బోర్డు మీద కూర్చుంది.

"ఎంత చక్కగా రాశారండీ అన్నయ్యగారూ" అంది. "కోళ్ళకి చదువు రాదు గానీ, కూచోడానికి బాగుంది."

పెట్ట అక్కడే రెట్ట వేసింది. "దయచేసి" అన్న మాట మీదుగా కారింది. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ రోజు పుస్తకంలో "బోర్డు పాతాను. ఉపయోగం లేదు" అని ఉంది.

ఇంకో బోర్డు సంగతి కూడా చెప్పాలి. ఒక సినిమా సెట్టుకు "గ్రామ పంచాయతీ కార్యాలయం" అని పాతకాలపు బోర్డు రాసి, ఆరడానికి అరుగు మీద పెట్టాను. భోంచేసి వచ్చేసరికి ఆ మూల నుంచి ఈ మూలకు కోడి అడుగులు, మధ్యలో ఒక రెట్ట. నాకు ఏడుపొక్కటే తక్కువ. కొత్తది రాసే టైము లేదు. తుడవబోతే రంగు రేగిపోయింది. అలాగే పట్టుకుపోయి, తల వంచుకుని ఇచ్చాను. ఆర్ట్ డైరెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కావాలండీ నాకు! ఇన్నేళ్ళూ ఇంత నేచురల్‌గా ఎందుకు రాయలేదు మీరు?" అన్నాడు. నలభై ఏళ్ళు కుంచె పట్టినవాడికి దక్కని మెచ్చుకోలు కోడికి దక్కింది. ఇంటికి వచ్చి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెట్టను ఊరికే పారేయడమెందుకు, ఎరువు చేద్దామని మొదటి ఏడాదే అనుకున్నాను. ఎవరినీ అడగడం నా అలవాటు కాదు. ఏ పూటకు ఆ పూట ఎత్తిన పచ్చి రెట్టను మిరప మొక్కల మొదళ్ళలో దట్టంగా వేశాను, నీళ్ళు పోశాను. వారంలో ఆకులు చివర్ల నుంచి మాడి, మొక్కలన్నీ అట్టల్లా ఎండిపోయాయి. కోళ్ళే ఏదో చేశాయని మా ఇంటామెతో అన్నాను.

ఆమె అరుగు మీద నుంచి విన్నట్టుంది. మర్నాడు వచ్చి, చచ్చిన మిరప మొక్కను పీకి, వేరు చూపించింది. నల్లగా కాలిపోయి ఉంది.

"పచ్చి రెట్ట వేడండీ. నిప్పు వేసినట్టే" అంది. "ఎండుటాకులు ఒక వరస, రెట్ట ఒక వరస, పైన మట్టి. గుంటలో వేసి, తడిపి, నెలకోసారి తిరగెయ్యాలి. వాసన పోయి మట్టి వాసన వచ్చేదాకా ముట్టుకోకూడదు."

"ఎన్ని దినాలు వడ్తది?" అన్నాను.

"తొందరపడితే ఎన్నాళ్ళైనా అవ్వదు. ఓర్చుకుంటే నాలుగు నెలలు." వెళ్ళబోతూ ఆగి, "పచ్చి రెట్టా పచ్చి కోపం ఒకటే అన్నయ్యగారూ. ఏది వేసినా మొక్క మిగలదు" అంది.

ఆ మాట బోర్డు గురించే అన్నదని ఇప్పటికీ నా అనుమానం.

గుంట తవ్వాను. ఆమె చెప్పినట్టే వరసలు వేశాను. రెండు నెలలు రెండేళ్ళయ్యాయి. ఆమె వెళతానని అన్నప్పుడల్లా కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అక్కడ ఆమె ఒక్కతే ఉండాలి. మా ఇంటామే, "ఎక్కడికి పోతవు వదినా, గీడ్నే ఉండు" అని ఆపేసేది. నా గురించి మాత్రం ఎవరూ అడగలేదు. కోళ్ళను వదిలి ఆమె ఉండదు, రెట్టలు లేకుండా కోళ్ళు ఉండవు.

నేను చేసిన తప్పు ఇప్పుడు రాయాలి.

పోయిన ఏడాది చలికాలంలో ఒక ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. నాకు పాత పరిచయం. "గురువుగారూ, ఇక్కడే పైన పల్లెటూరి ఇల్లు సెట్టు వేశాం. మీ కోళ్ళని రెండ్రోజులు ఇప్పించండి. బయటనుంచి తెస్తే కొత్తచోటని బెదిరి పారిపోతున్నాయి" అన్నాడు. రెండు రోజులు! నా కళ్ళ ముందు కడిగిన మెట్లు, ఆరిన దుప్పట్లు కదిలాయి. నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి, "చెల్లెమ్మా, కోళ్ళను రెండు దినాలు పంపిద్దామా?" అని అడిగాను. ఆమెను నేను అడిగిన మొదటి సాయం అది.

ఆమె ముఖం ఒక్క క్షణం ఎలాగో అయింది. తర్వాత, "మీరు నోరు తెరిచి అడిగాక కాదంటానా అన్నయ్యగారూ" అంది. పిల్లనిచ్చినవాళ్ళు పిల్లవాడి తండ్రిని కాదనలేరు. అది నాకు తెలుసు. తెలిసే అడిగాను.

కోళ్ళు వెళ్ళాయి. పెరడంతా రెండు బకెట్ల నీళ్ళతో కడిగి, అరుగు మీద కూర్చుని టీ తాగాను. ఆ రోజు పుస్తకంలో రాసుకున్నాను: "రెట్టలు లేవు." దాని కింద గీత కూడా గీశాను.

ఆ మధ్యాహ్నం ఆమె భోజనానికి రాలేదు. కడుపు బాగా లేదంది. రాత్రి కూడా అంతే. మర్నాడు పొద్దున మా ఇంటామె ఆమె గదిలోకి వెళ్ళి, విసవిసా బయటికి వచ్చింది.

"కడుపు బాగలేకపోవుడు కాదు. తన సంచిల అటుకులు నానబెట్టుకోని తింటుంది! ఉత్త నీళ్ళల్ల! మా ఇంట్ల అన్నం చేదైందా అని అడిగిన. నవ్వి ఊకుంది."

కోడలిని పిలిచి అడిగాం. ఆ పిల్ల గోడ వైపు చూస్తూ చెప్పింది. వాళ్ళ ఇంట్లో ఒక పట్టింపు ఉందట. కూతురికి బిడ్డ పుట్టేదాకా తల్లిదండ్రులు కూతురింట్లో ఊరికే తినకూడదు. ఏదో ఒకటి చేతిలో పెట్టి తినాలి. "అమ్మ రోజూ భోజనానికి ముందు వంటింటి గట్టు మీద గుడ్డు పెడుతుంది, చూళ్ళేదా అత్తయ్యా? అందుకే కోళ్ళని తెచ్చుకుంది. నేనెంత చెప్పినా వినదు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

మా ఇంటామె నోటి మీద చెయ్యి వేసుకుంది. రోజూ ఆ గుడ్లు తీసి బుట్టలో వేసింది తనే. ముందు గుడ్డు, తర్వాత కంచం. ఇన్నాళ్ళుగా అది మాలో ఎవరికీ తట్టలేదు.

"మరి బిడ్డ పుట్టిందాక గిట్లనేనా?" అని మా ఇంటామె అనబోయి, కోడలి ముఖం చూసి ఆపేసింది.

నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను. సెట్టు అర కిలోమీటరు, అంతా ఎక్కుడు. కొండ మీద గడ్డి కప్పిన ఇల్లు, బావి, ఎడ్ల బండి, అన్నీ అట్టవీ చెక్కవీ. మధ్యలో మా కోళ్ళు. తెల్ల పెట్టకు గోధుమ రంగు పూశారు. మా కోళ్ళు రాకముందు తీసిన సీనులో అక్కడ గోధుమరంగు కోడి ఉందట.

"కోళ్ళు కావాలె" అన్నాను మేనేజరుతో.

"అయ్యో గురువుగారూ, సీను మధ్యలో ఉన్నాం. ఇప్పుడు తీసుకెళ్తే కంటిన్యూటీ పోతుంది. సాయంత్రం నేనే పంపిస్తా."

"మా ఇంట్ల ఒక మనిషి తినకుండ కూసుంది."

"కోళ్ళ మీద బెంగా?"

"గట్లనే అనుకో" అన్నాను. "గుడ్డు పెట్టినయా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. లైట్లు పట్టుకునే అబ్బాయిలు నవ్వుకున్నారు. హీరోగారి కుర్చీ కింద ఒక గుడ్డు కనిపించింది. శుభమని, దాన్ని ఎవరూ కదపకుండా చుట్టూ సుద్దతో గీత గీశారట. నేను వంగి ఆ గుడ్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. వెనకనుంచి ఎవరో, "ఓ తాతా! అది సెంటిమెంటు గుడ్డు!" అని అరిచారు. దిగుడులో ఒక చెయ్యి జేబు మీద పెట్టుకుని నడిచాను.

ఆమె గదిలో మంచం మీద కూర్చుని ఉంది. గుడ్డు ఆమె చేతిలో పెట్టాను. ఆమె గుడ్డు వైపు, నా వైపు చూసి లేచింది. వంటింట్లోకి వెళ్ళి గట్టు మీద పెట్టింది. "వదినగారూ, ఆకలేస్తోందండీ" అంది. మా ఇంటామె వడ్డించింది. పప్పుచారు మూడుసార్లు వేయించుకుంది.

తిన్నాక నాతో అంది: "మీకు తెలియకూడదనుకున్నాను. తెలిస్తే జాలిపడతారని."

"జాలి గాదు చెల్లెమ్మా" అన్నాను.

దీంతో నేను మారిపోయి రెట్టలు ఎత్తడం ఇష్టమైపోయిందని ఎవరూ అనుకోవద్దు. కోళ్ళు తిరిగి వచ్చాయి. తెల్ల పెట్ట రంగు పోవడానికి నెల పట్టింది, అప్పటిదాకా అది ఎక్కడ కూర్చుంటే అక్కడ గోధుమ మరక. రెట్టలు మామూలే. విసుగూ మామూలే. ఒక పొద్దున స్కూటరు తుడుస్తూ గొణుక్కుంటుంటే ఆమె అరుగు మీద నుంచి, "కొంచెం పక్కకి కూడా ఉందండీ అన్నయ్యగారూ" అని చూపించింది. ఆమె స్వభావమే అంత. మోకాళ్ళ వల్ల మాటిమాటికీ వంగలేదు కాబట్టి తను ఎత్తలేకపోయేది. ఎక్కడుందో చూపించడం మాత్రం మానలేదు. కర్రతో తట్టి మరీ చూపించేది.

ఈ ఎండాకాలం కష్టమొచ్చింది. ఏప్రిల్ ఎండలకు కోళ్ళు నోళ్ళు తెరుచుకుని బండ నీడలో పడుకునేవి. ఒకటి తర్వాత ఒకటి గుడ్లు పెట్టడం మానేశాయి. ఆమె గంప కింద చెయ్యి పెట్టి తడిమి, ఖాళీ చెయ్యి చూసుకుని, "ఇవాళ ఆకలి లేదు" అనడం మొదలుపెట్టింది. అప్పటికే గుండె బలహీనమని డాక్టరు చెప్పాడు. మందులు అన్నం తిన్నాకే వేసుకోవాలి. కోడలు ఏడ్చింది, మా ఇంటామె కోప్పడింది. ఆమె నవ్వి, సంచిలో అటుకులు వెతుక్కుంది.

నేను శ్రీనగర్ కాలనీ దాకా వెళ్ళి నాటుకోడి గుడ్లు కొనుక్కొచ్చాను. అదే రంగు, అదే సైజు ఏరి మరీ. ఫ్రిజ్‌లో ఒక మూల దాచాను. పొద్దున ఆమె లేవకముందే ఒకటి తీసి గంప కింద గడ్డిలో పెట్టాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆమె వచ్చి గంప ఎత్తి, చెయ్యి పెట్టి, గుడ్డు తీసింది. చెంపకు ఆనించుకుంది.

"అన్నయ్యగారూ" అంది. నేను మడిలో కలుపు తీస్తున్నట్టు వంగి ఉన్నాను. "మన కోళ్ళు రాత్రిళ్ళు ఫ్రిజ్‌లో పడుకుంటున్నాయా?"

నా చెవులు వేడెక్కాయి. ఆమె గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ గుడ్డు మీకే ఇచ్చి మీ అన్నం ఎలా తిననండీ?" అంది. మెత్తగానే అంది. గదిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆమె మీదో, ఆ పట్టింపు మీదో, ఎండ మీదో, కోళ్ళ మీదో చెప్పలేను. చేతిలో గుడ్డు, కాళ్ళ దగ్గర రెట్ట. అప్పుడే వేసింది. దాన్ని చూస్తూ చూస్తూ ఆమె గది గుమ్మం దగ్గరికి వెళ్ళాను. లోపలికి ఎప్పుడూ వెళ్ళను కాబట్టి బయటే నిలబడ్డాను. నా జన్మలో అంత పెద్ద మాట మాట్లాడలేదు.

"చెల్లెమ్మా, గుడ్డు లేకుంటే ఏమాయె? రెట్ట లేదా? మూడేండ్లాయె. ఒక్క దినం తప్పిందా? ఎండకు గుడ్డు తప్పింది గని రెట్ట తప్పలే. ఆ గుంటల ఎరువు నీ కోళ్ళది. ఆ ఎరువుతోటి తోటకూర, బచ్చలి, మిరపకాయ. మేం తినేదే నువ్వు పెట్టింది. మేం నీ సొమ్ము తింటున్నం. నువ్వు మా ఇంట్ల తినుడు కాదు. తెల్సిందా? కంచం ముందట కూసో."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మా ఇంటామె తలుపు సందులోంచి చూస్తోంది. మూడేళ్ళు రెట్టను తిట్టిన నోటితో రెట్ట గొప్పతనం చెబుతున్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "నిజంగానే లెక్కలోకి వస్తుందంటారా?" అంది.

"వస్తది."

"మీరు ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్న."

"అయితే ఇంక మీరు విసుక్కోకూడదు. సొమ్ముని చూసి ఎవరైనా విసుక్కుంటారా?"

అలా దొరికిపోయాను. ఆమె కర్ర అందుకుని లేచి వచ్చి కంచం ముందు కూర్చుంది. ఆ రోజు తోటకూర పులుసే. రెండు నెలలు, గుడ్డు ఉన్నా లేకున్నా తింది. అన్నం ముందు కూర్చునే ముందు నన్ను అడిగేది, "ఇవాళ ఎత్తారా?" అని. "ఎత్తిన" అంటే ముద్ద కలిపేది.

ఈ నెల మొదట్లో ఆమెకు ఆయాసం వచ్చింది. బంజారా హిల్స్‌లో ఆసుపత్రిలో చేర్చాం. అయిదు రోజులు ఉంది. ఆసుపత్రి తిండి గొంతు దిగడం లేదంటే మా ఇంటామె ఇంటినుంచి క్యారియరు పంపేది. చివరి రోజు సాయంత్రం నేనే పట్టుకెళ్ళాను. కోడలు మందులకని కిందికి వెళ్ళింది. ఆమె ముక్కుకు గొట్టం ఉంది. మాట పీలగా వచ్చింది.

"అన్నయ్యగారూ, అయిదు రోజులైంది. గంప చూడలేదు నేను."

"గుడ్లింక లేవు చెల్లెమ్మా."

"మరి అదీ?"

"అదున్నది. శానా ఉన్నది."

"ఎత్తుతున్నారా?"

"ఎత్తుతున్న."

"విసుక్కోకుండా?"

నేను అబద్ధం ఆడబోయాను. ఆమె చూపు చూసి ఆగాను. "జర విసుగొస్తది" అన్నాను.

ఆమె గొట్టం కిందనుంచి నవ్వింది. "పర్లేదు. పెట్టండి" అంది. పెరుగన్నం నాలుగు చెంచాలు పెట్టాను. వియ్యంకుడి చేత తిన్నానని మర్నాడు ఆమె కూతురికి చెప్పి నవ్వాల్సింది. మర్నాడు లేదు.

కర్మలు అయ్యాక, వచ్చిన చుట్టాలు వెళుతూ కోళ్ళ మాట ఎత్తారు. మనిషే లేనప్పుడు అవెందుకన్నారు. మోతీనగర్‌లో తెలిసినవాళ్ళు తీసుకుంటారని మావాడు అన్నాడు. కోడలు గంప వైపు చూసింది. మా ఇంటామె నా వైపు చూసింది. తనకు కావలసింది కూడా ఆరిన బట్టలు, శుభ్రమైన మెట్లు. "ఉండనియ్యిరి" అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇవాళ పొద్దున రెట్టలు ఎత్తి, అలవాటుగా గంప ఎత్తాను. గడ్డిలో గుడ్డు ఉంది. ఎండలు తగ్గి చల్లబడ్డాక ఇదే మొదటిది. చెంపకు ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది. తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద, ఆమె పెట్టే చోటే పెట్టాను. మా ఇంటామె చూసి, గుడ్డును ముట్టుకోకుండా, మధ్యాహ్నం దాని పక్కనుంచే గిన్నెలు తీసి వడ్డించింది. అది ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు సాయంత్రం ఆరు దాటింది. ముసురు మళ్ళీ పట్టింది. సినిమా పనికి ఆదివారం లేదు కాబట్టి మావాడూ కోడలూ ఎడిటింగ్‌కు వెళ్ళారు. తల్లి పోయాక ఆ పిల్ల పనిలోకి వెళ్ళడం ఇవాళే మొదలు. మా ఇంటామె గుడికి వెళ్ళింది. పెరట్లో కోళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. రెండు నా బోర్డు మీద, మిగతావి దాని కింద, తడుస్తూ. అక్షరాలన్నీ పోయి "రానివ్వకండి"లో సగం మిగిలింది.

ఆమె అరుగు మీద నిలబడి "బ బ బ బ" అని పిలిచేది. ఆ గొంతు పక్క స్టూడియో దాకా వినపడేది. డబ్బింగ్ వాళ్ళు ఒకసారి వచ్చి, కాస్త మెల్లగా పిలవండమ్మా అని బతిమాలి వెళ్ళారు. ఆమె పోయాక కోడలు పిలుస్తోంది. తల్లి గొంతే, వస్తున్నాయి. నేను వెళ్ళి నిలబడితే తల తిప్పి చూస్తాయి గాని కదలవు. ఇందాక రెండుసార్లు నిలబడి వచ్చాను. చప్పట్లు కొట్టాను. గింజలు చల్లాను. లాభం లేదు. వాటిని పిలవాలి. గొంతెత్తి పిలవాలి. చినుకు పెద్దదవుతోంది, ఇంక ఆలస్యం చేస్తే తడిసి జబ్బు చేస్తాయి. పుస్తకం ఇలాగే బోర్లా పెట్టి, అరుగు మీదికి వెళ్ళి…